నాటకంల పిల్లకు ఊరు లేదు

"నేను పోను" అన్న రెండు మాటలు చెప్పెటందుకు నాకు ఒక పగలంతా పట్టింది.

ఊర్లల్ల పనిచేసే మా సంస్థ ఆఫీసు రాయచూరుల ఒక పాత ఇంట్ల ఉండె. ముందు గదిల బల్లలు, కుర్చీలు. వెనక గదిల రికార్డింగు. ఆ గది కిటికీలకు బొంతలు వేలాడదీసినం, గోడలకు గోనెసంచులు కొట్టినం. అయినా పక్కనున్న రైసుమిల్లు చప్పుడు సన్నగ లోపలికి వస్తనే ఉండె. మిల్లు ఆగితే ఆటోల హారన్లు. అన్నీ ఆగి, ఇంక మొదలుపెడదాం అనుకునే వరకు కరెంటు పోవుడు. కృష్ణ ఒడ్డున థర్మల్ ప్లాంటు చిమ్నీలు ఒక్కొక్కటి లేస్తున్న కాలం అది. కరెంటు మా జిల్లాలనే తయారైతుండె, మా జిల్లాలనే పోతుండె.

మేము ఒక నాటకం చేస్తుంటిమి. వారానికొక భాగం. కన్నడంల రేడియోకు, తెలుగు మాట్లాడే ఊర్లకు టేపు మీద తెలుగుల. అందుల ఒక పల్లెటూరి పిల్ల ఉంటది. పదో తరగతి పాసైతది. ఇంట్ల వాళ్ళు పెండ్లి అంటరు, ఆమె ఐటీఐకి పోయి కరెంటు పని నేర్చుకుంట అంటది. ఊర్లల్ల ఆడపిల్లలు విని జర ధైర్యం తెచ్చుకుంటరని, పెద్దలు విని జర మెత్తబడుతరని మా ఆఫీసోళ్ళ ఆశ. రెండు భాషలల్ల ఆ పిల్ల గొంతు నాదే.

ఆ దినం భాగంల, పిల్లను చూసెటందుకు వచ్చినోళ్ళు లోపల కూసోని ఉంటరు. ఆమె తండ్రిని పక్కకు పిలిచి, ఆ ఇంటికి కోడలిగ "నేను పోను" అనాలె. టేపు తిప్పేటాయన మా అందరికన్న పెద్దోడు. చెవులకు పెట్టుకున్నది తీసి, "అమ్మా, నువ్వు అడుక్కుంటున్నవు. ఆమె అడుక్కుంటలేదు, చెప్తున్నది" అన్నడు. మళ్ళ చెప్పిన. "ఇప్పుడు కోపం చేస్తున్నవు" అన్నడు. మళ్ళ చెప్పిన. "ఇప్పుడు కాగితం చూసి చదువుతున్నవు." పొద్దుగూకే వరకు నా నోట్ల ఆ రెండు మాటలు రుచి లేని నీళ్ళ లెక్క అయినయి. ఆఖరుకు "సరే, ఇది పెట్టుకుందం" అన్నడు. గొంతు కుదిరిందని కాదు. ఆయనకు బస్సు టైమైంది.

ఆయనకు నేను చెప్పని సంగతి ఒకటుండె. అంతకుముందు ఆదివారమే మా ఇంటికి నన్ను చూసెటందుకు వచ్చి పోయిన్రు. మా నాయనకు స్టేషన్ రోడ్డు మీద గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం. ఎవరి మీద గొంతు లేపే మనిషి కాదు. వచ్చినోళ్ళు పోయినంక నా దగ్గర కూసోని, "ఏమంటవ్ బిడ్డా?" అని మెల్లగ అడిగిండు. నేను "మీ ఇష్టం" అన్న. అనెటందుకు ఒక్క నిమిషం గూడ పట్టలే.

హర్ గురువారం నేను టేపురికార్డరు గుడ్డసంచిల పెట్టుకోని గిల్లేసూగూరు దిక్కు పోయే బస్సు ఎక్కుతుంటి. ఆ తోవల ఒక ఊరు. కాలువ తోకన ఉన్న ఊరు, నీళ్ళు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. పత్తి, జొన్న. అక్కడ ఒకరింటి ముందరి గదిల పదిహేను మందిదాక ఆడపిల్లలు కూసుంటుండ్రి. టేపు విన్నంక దాని మీద మాట్లాడాలె. ఏమనిపించింది, మీ ఇంట్ల అయితే ఏమైతది, గిట్ల అడగాలె. అదీ నా పని.

ఆ ఇంట్ల ఒక అవ్వ ఉండె. పండ్లు లేవు, గొంతు మాత్రం ఊరంత వినపడుతది. మొదటి దినం గడపకు అడ్డంగ కూసున్నది.

"ఏం పాఠాలు చెప్తరో నేను వినాలె. ఆడపిల్లలను ఖరాబు చేసే మాటలైతే ఆ డబ్బా తీసి బయట పారేస్త."

"విను అవ్వా, వద్దన్నదెవరు?" అన్న.

నాలుగు వారాలు గడిచే వరకు అందరికన్న ముందు అవ్వనే వచ్చి కూసుంటుండె. నాటకం నడుస్తుంటే ఏ పిల్లన్న గుసగుస పెడితే వీపు మీద ఒకటి చరిచేది. నాటకంల పిల్లకు ఒక మేనత్త ఉంటది, సంబంధం తెచ్చేది ఆమెనే. ఆమె మాట్లాడినప్పుడల్ల అవ్వ టేపురికార్డరుకు తిట్లు తిడుతుండె. నేను అడిగే ప్రశ్నలన్నిటికి ఆమె జవాబు ఒకటే, "ఇంక ముందుకు ఏమైతదో చెప్పు."

అవ్వ మనుమరాలు అప్పుడే పదో తరగతి పాసై ఇంట్ల ఉండె. ఎక్కువ మాట్లాడే పిల్ల కాదు. గోడకు ఒరిగి, మోకాళ్ళ మీద గదుమ పెట్టుకోని వింటుండె. ఒక గురువారం అందరు పోయినంక నేను వైరు చుడుతుంటే దగ్గరికొచ్చింది.

"అక్కా, నాటకంల ఆమెకు ఫారం ఎవరు తెచ్చిచ్చిన్రు?"

నాకు వెంటనే అర్థం కాలే. "ఏం ఫారం?"

"ఐటీఐది. పోయిన వారం ఇంట్ల కొట్లాట అయింది. ఈ వారం ఆమె ఫారం నింపుతున్నది. నడుమల ఎవరు తెచ్చిన్రు? ఎక్కడ దొరుకుతది?"

మేము అది రాయలే. రాయాలన్న ఆలోచన గూడ ఎవ్వరికి రాలే. "నేను తెస్త" అన్న.

ఆమె తల ఊపి, ఇంకొక మాట అడిగింది. "మా నాయన ఎన్నో భాగంల మారుతడక్కా?"

తమాషకు అడిగిందనుకోని నవ్విన. ఆమె నవ్వలే. జవాబు కొరకు నా ముఖం చూస్తనే ఉండె. బస్సుల కూసున్నంక ఆ నవ్వుకు నాకే సిగ్గైంది.

తర్వాతి వారం ఫారం తీసుకపోయి ఇచ్చిన. అన్నీ చక్కని చేతిరాతతోని నింపింది. తండ్రి సంతకం కాడ ఖాళీ. "నువ్వే మాట్లాడక్కా" అన్నది. ఆయన ఇంటి పక్క కొట్టం కాడ ఎద్దులకు మేత వేస్తుండె. నన్ను చూసి చెయ్యి దులుపుకోని, "కూసో అమ్మా" అని నులక మంచం చూపిచ్చిండు.

నేను నాటకం సంగతి మొదలుపెట్టబోతే ఆయననే అన్నడు, "నేను గూడ వింటనమ్మా. మీరు లోపల పెడుతరు, నేను ఈ గోడ పక్కన కట్ట మీద కూసోని వింట. మంచిగుంటది. ఆ తండ్రి మంచోడు."

"అయితే మీకు తెలుసు గదా…"

"తెలుసు. గని అమ్మా, నాటకంల పిల్లకు ఊరు లేదు. తల్లి ఉన్నది, తండ్రి ఉన్నడు, మేనత్త ఉన్నది, సారు ఉన్నడు. ఊరేది? ఆ పిల్ల పొద్దుగాల బస్సు ఎక్కుతుంటే చూసేటోళ్ళు ఎవరు? హోటల్ల కూసోని మాట వేసేటోళ్ళు ఎవరు? మీరు వాళ్ళను రాయలే. వాళ్ళు నాకున్నరు. నా పాలోళ్ళు, దాయాదులు ఉన్నరు. రేపు దీనికి సంబంధం చూడాలంటే నేను వాళ్ళ గడపలే ఎక్కాలె."

నేను చదువు సంగతి చెప్పిన, నౌకరి సంగతి చెప్పిన. ప్లాంటు వచ్చినంక కరెంటు పని తెలిసినోళ్ళకు ఎంత గిరాకి ఉన్నదో చెప్పిన. ఆయన అన్నీ మర్యాదగ విన్నడు. "నిజమే" అన్నడు. సంతకం పెట్టలే. లేచి వస్తుంటే, "నువ్వు ఒక్కదానివే వస్తవు గదమ్మా టౌను నుంచి. మీ ఇంట్ల ఏమనరా?" అని అడిగిండు. అందుల ఎగతాళి లేదు. నిజంగనే తెలుసుకోవాలని అడిగిండు. "ఏమనరు" అని అబద్ధం చెప్పి వచ్చిన. మా ఇంట్ల అప్పటికే తారీఖులు చూస్తున్నరు.

ఆఫీసుల నాటకం రాసేటాయనకు ఈ సంగతి చెప్పిన. ఊరిని గూడ పెట్టండి, హోటల్ల కూసున్నోళ్ళను పెట్టండి అన్న. ఆయన కలం పక్కన పెట్టి ఆలోచన చేసిండు. మంచి మనిషే. "వాళ్ళను పెడితే కథ ముందుకు పోదమ్మా" అన్నడు.

ఫారం ఇచ్చే గడువు దగ్గరపడింది. ఆఖరు గురువారం మేము పెట్టిన భాగంల నాటకంల తండ్రి సంతకం పెడుతడు. నేను కావాలని ఆ భాగం తెచ్చింది కాదు, వరుసల అదే వచ్చింది. టేపు ఆగినంక పిల్లలు లేవబోతే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. కట్ట దిక్కు తిరిగి కొడుకును కేక వేసింది.

"ఏరా, లోపలికి రా."

ఆయన తలుపు కాడికి వచ్చి నిలబడ్డడు.

"ఆ తండ్రి సంతకం పెట్టిండు. విన్నవా?"

"విన్ననమ్మా. అది నాటకం."

"నాటకమైతే ఇన్ని దినాల నుంచి గోడకు చెవెందుకు పెడుతున్నవ్?"

పిల్లలు పక్కున నవ్విన్రు. ఆయనకు గూడ నవ్వాగలే, తల వంచుకున్నడు. అవ్వ మాత్రం నవ్వలే.

"నన్ను ఈ ఇంటికి తెచ్చినప్పుడు నాకు తొమ్మిదేండ్లు. వస్తవా అని ఎవ్వరు అడగలే. ఎక్కడికన్న పోతనని నేనూ అడగలే. అడగొచ్చని తెలువదు. ఇది అడుగుతున్నది. అడిగితే ఏమైతదో నేను చూడాలె. నాకు ఎక్కువ దినాలు లేవు, నువ్వు జల్ది తేల్చు."

ఆయన గడప కాడ చెప్పులు విడిచిండు. తర్వాత లోపలికొచ్చి, నా టేపురికార్డరు మీదనే ఫారం పెట్టి, ఒక్కొక్క అక్షరం గీసుకుంట సంతకం పెట్టిండు. బిడ్డ ముఖం చూడలే. కలం నా చేతికిచ్చి ఎద్దుల దగ్గరికి పోయిండు.

ఆయన మారిండని నేను అనుకోలే. తల్లి మాట కాదనలేక, ఇంట్ల హర్‌రోజ్ తకరారు పడలేక పెట్టిండు. అలిసిపోయి పెట్టిండు. మా ఆఫీసు రిపోర్టుల మాత్రం ‘నాటకం విని తండ్రి మనసు మారింది’ అని రాసినం. ఆ ముక్క రాసింది నేనే.

పిల్ల ఐటీఐల చేరింది. మొదటి నెలలు తండ్రే వెంట వచ్చేటోడు. పొద్దుగాల బస్సుల తోలుకొచ్చి, ఆమె లోపలికి పోయినంక గేటు బయట చెట్టు నీడల తువ్వాల పరుచుకోని కూసునేటోడు. నాలుగింటికి మళ్ళ తోలుకపోయేటోడు. నేను రెండు మూడు సార్లు చూసిన. ఒకసారి చాయ తాపిస్త రండి అంటే వచ్చిండు. "చేను పని ఎవరు చూస్తున్నరు?" అని అడిగితే, "చూసేటోళ్ళు లేరు" అన్నడు. అంతే. కొన్ని నెలలకు వారానికి రెండు దినాలే వచ్చిండు. ఆ తర్వాత పిల్ల ఒక్కతే వచ్చిపోవుడు మొదలైంది. ఎవరూ అనుమతి ఇయ్యలే, ఎవరూ వద్దనలే. ఆయనకు ఓపిక అయిపోయింది.

ఊర్ల నా గురువారాలు మాత్రం పలచబడ్డయి. పదిహేను మంది పిల్లలు ఐదారుగురైన్రు. ఒక తల్లి నాతోని ముఖం మీదనే అన్నది, "మంచిగనే ఉంటది మీ నాటకం. గని వింటే పిల్లలు బస్సు ఎక్కుతరు. మాకు వద్దమ్మా." ఆమెకు నేనేం చెప్పాలె? నాటకం పని చేసినందుకే మూతపడుతున్నదని ఆఫీసుల ఎట్ల రాయాలె?

అంతల నా పెండ్లైంది. మా ఆయనకు ప్లాంటుల నౌకరి, షిఫ్టు డ్యూటీ. క్వార్టర్సుల కాపురం. గాలి మా దిక్కు తిరిగిన దినం ఆరేసిన బట్టల మీద సన్నని బూడిద పడేది. దులుపుకోని లోపలికి తెచ్చుడు, మడత పెట్టుడు. కొన్నాళ్ళకు అది గూడ వంట లెక్క ఒక పని అయింది. పెండ్లైన కొత్తల నేను వారానికి రెండు దినాలు టౌనుకు పోయి నాటకం పని చేస్తనే ఉంటి.

మా అత్తమ్మకు రేడియో అంటే పానం. ఒకనాటి మధ్యాహ్నం చేటల బియ్యం పోసుకోని రాళ్ళు ఏరుతుంటే కన్నడంల మా నాటకం వచ్చింది. పాత భాగం మళ్ళ వేసిన్రు, ‘నేను పోను’ అనేదే. నేను వంటింటి తలుపు కాడ నిలబడి విన్న. ఆమె ఏరుడు ఆపి, కొంగుతోని కండ్లు తుడుచుకున్నది.

"పాపం, ఎంత గట్టి పిల్లనో" అన్నది.

"అత్తమ్మా, అది నేనే గదా."

"తెలువదా నాకు? గొంతు నీదైతే ఏమాయె. ఆ పిల్ల వేరే." మళ్ళ చేట చెరిగి, కోపం ఏం లేకుండ అన్నది, "ఈ నెలతోని చాలించుకో బిడ్డా. క్వార్టర్సుల అందరు అడుగుతున్నరు, మీ కోడలు రేడియోల పెండ్లి వద్దంటదంట గదా అని. ఏం చెప్పాలె నేను?"

మా ఆయనను అడిగితే "నీ ఇష్టం" అన్నడు. నా ఇష్టం అంటే ఏందో ఆ ఇంట్ల అందరికి తెలుసు. నాకు గూడ తెలుసు. ఎవరూ కొట్టలే, తిట్టలే. ఒక అరగంట కొట్లాడితే ఏమైతుండెనో, ఇప్పటికీ తెలువదు. ఆ పొద్దు నాకు కొట్లాడ బుద్ధి కాలే. అంతకన్న పెద్ద కారణం చెప్పాలని మస్తుసార్లు వెతికిన, దొరకలే. ఆ నెలాఖరుకు మానేసిన.

ఆఫీసోళ్ళు ఇంకొక అమ్మాయితోని ఆ పిల్ల మాటలు చెప్పిచ్చిన్రు. నా బదులు ఊరికి పోయిన నా స్నేహితురాలు కొన్నాళ్ళకు క్వార్టర్సుకు వచ్చి ఆ సంగతి చెప్పింది. కొత్త గొంతుతోని టేపు పెట్టంగనే అవ్వ చెయ్యి ఎత్తిందంట.

"ఆపు. ఇది ఆ పిల్ల కాదు."

"అదే పిల్ల అవ్వా, జలుబు చేసింది" అని నా స్నేహితురాలు.

"నాకు చెవులు లేవా? ఆ పిల్లకేమైంది? పెండ్లి చేసి పంపిన్రా?"

చెప్పి నా స్నేహితురాలు నవ్వింది. నేను గూడ నవ్విన. తర్వాత బట్టలు తెచ్చే పని ఉన్నదని లేచి పెరట్లకు పోయిన.

ఏండ్లు గడిచినయి. మా పెద్దాడబిడ్డది లింగసుగూరు. ఒక ఎండకాలం ఆమె ఇంటికి పోతే, చేన్ల బోరు మోటారు కాలిందని రిపేరుకు ఇచ్చిన్రు. బజారుకు పోతూ ఆమె అది అయిందో లేదో అడగాలని ఆ దుకాణం ముందర ఆగింది. ముందట ఒకాయన స్టూలు మీద కూసోని ఉన్నడు. పైన బోర్డు, వెనక నీలం పరదా. నేను మా ఆడబిడ్డతోని, "ఎండ దంచుతున్నది వదినా, జల్ది అడుగు" అన్న. అంతే, పరదా వెనక నుంచి, "ఎవరు? టేపు అక్కనా?" అని వినపడింది.

ఆ పిల్లనే. ముప్పై దాటిన ఆడమనిషి. చేతుల రాగి తీగ, కొంగుకు నూనె మరకలు. నన్ను లోపలికి పిలిచి కూసోబెట్టింది, మా ఆడబిడ్డ బయట నీడకు కూసున్నది. లోపలంత విప్పిన మోటార్లు.

అవ్వ ఐటీఐ రెండో ఏడాదిల పోయిందని చెప్పింది. "పరీక్ష ఎప్పుడని అడుగుతనే పోయిందక్కా." పాసైనంక ఒక కాంట్రాక్టరు దగ్గరికి సర్టిఫికెట్టు తీసుకపోతే, స్తంభాలెక్కే పని ఆడోళ్ళకెందుకు, ఆఫీసుల ఫోను ఎత్తమన్నడంట. ఆరు నెలలు ఎత్తింది. తర్వాత ముందట కూసున్నాయనతోని పెండ్లి. ఆయనకు అప్పటికి పంపుసెట్ల సామాన్ల దుకాణం ఉండె, మోటారు లోపలి పని రాదు. ఈమె నేర్పిచ్చింది. నేర్చుకున్నడు గని ఈమె చెయ్యంత సాఫుగ రాలే. అందుకని ఈమెనే చేస్తది.

"మరి ముందట ఎందుకు కూసోవు?"

"రైతులు ఆడమనిషి చేతికి మోటారు ఇయ్యరక్కా. ఆయన తీసుకుంటడు, నేను చేస్త."

"చేసేది నువ్వని ఆయన చెప్పడా?"

"అడిగితే చెప్తడు. అబద్ధమాడే మనిషి కాదు. ఎవ్వరు అడగరు." తీగ చుడుతనే మాట్లాడుతుండె. వేళ్ళు ఎక్కడా ఆగలే.

ఇన్నేండ్లు నా మనసుల ఉన్నది అడిగేసిన. "మా నాటకం వల్ల నీకు మేలైందా, లేక లేనిపోని ఆశ పెట్టినమా?"

ఆమె తీగ పండ్లతోని కొరికి తెంపింది. "అట్ల తెంపి చెప్పరాదక్కా. నాటకంల అన్ని జల్ది అయితుండె. ఆ దినాలల్ల నాకు మస్తు కోపమొస్తుండె. ఆమెకు వారం, నాకు ఏడాది ఎందుకని. ఇప్పుడు కోపం లేదు. యాష్ట మాత్రం ఉన్నది, పానం విసిగినట్టు. గని ఈ పని రాకుంటే ఇంక ఎక్కువ యాష్ట ఉంటుండె."

తర్వాత నా సంగతి అడిగింది. ఇల్లు, పిల్లలు అన్న. రేడియోకు మళ్ళ పోలేదా అన్నది. లేదన్న. ఎందుకని అడగలే. నా కోసం స్టవ్వు మీద చాయ పెట్టింది.

మేము చాయ తాగుతుంటే ఆటోల ఒక రైతు కాలిన మోటారు తెచ్చిండు. ఆమె భర్త లేచి ఆసర పట్టి దించిండు. "ఎప్పుడిస్తరు?" అన్నడు రైతు. భర్త నోరు తెరిచే లోపల ఆ రైతే మెడ చాచి, పరదా దిక్కు చూసి గట్టిగ అడిగిండు, "అమ్మా, మంగళారం వరకు అయితదా? చేను ఎండుతున్నది."

ఆమె గ్లాసు కింద పెట్టి, "సోమారమే రాండ్రి" అన్నది.

భర్త మళ్ళ స్టూలు మీద కూసున్నడు. మా ఆడబిడ్డ మోటారు గూడ సోమారానికే అయితదన్నరు. ఎండకు నా తల నొస్తుండె. ఇద్దరం బజారు దిక్కు నడిచినం.